గంధకం లేని గ్రాఫు

"అసలు గ్రాఫు వాళ్ళ చేతికి చిక్కితే దేశం కొంప మునుగుతుంది. మనం ఇచ్చింది దొంగదని తేలితే మీ వదిన ప్రాణం పోతుంది. కాబట్టి దొంగ గ్రాఫు అసలుదానిలా కనబడాలి. సందేహాలున్నాయా?"

ఉదయం పది దాటి పది నిమిషాలైంది. చీఫ్ బ్రీఫింగులు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. వినేవాడు కుర్చీలో సర్దుకునేలోపు సగం అయిపోతాయి. మిగతా సగం కాన్ఫిడెన్షియల్ అని చెప్పరు.

ఏజెంట్ ట్వంటీత్రీకి సందేహాలు లేవు. భయం ఉంది. భయానికి ఆ ఆఫీసులో ఫారం లేదు కాబట్టి ఊరుకున్నాడు.

వదిన కోడ్‌నేమ్ కాటుక. ఆరేళ్ళ కిందట ట్వంటీత్రీ అన్నయ్య, ఇదే శాఖలో పనిచేసినవాడు, కారు బాంబుకు బలయ్యాడు. నెల తిరక్కుండానే ఆయన భార్య ఆ బాంబు పెట్టిన విదేశీ ముఠాలోనే చేరింది, మన శాఖ తరఫున. ఆమెకు పెళ్ళయిన సంగతే ముఠాకు తెలియదు. అందం, ఐదు భాషలు, ఎదుటివాడు నోరు తెరవకముందే అబద్ధాన్ని పసిగట్టే కళ్ళు. ముఠా ఆమెను నెత్తిన పెట్టుకుంది. ఎనిమిది నెలల కిందట వాళ్ళే దొంగ సర్టిఫికెట్లు పుట్టించి, మన లోహ పరిశోధనశాలలో ఆమెను లాబ్ అసిస్టెంటుగా చేర్పించారు. దొంగిలించుకు రమ్మన్నది ఒకే ఒక్క గ్రాఫు.

"సిద్ధాంతిగారూ, వీడికి రెండు ముక్కల్లో చెప్పండి," అన్నాడు చీఫ్.

సిద్ధాంతి అంటే పంచాంగం చూసేవాడు కాదు. థియరిటికల్ ఫిజిసిస్టు. ఆయనకు రెండు ముక్కల్లో చెప్పడం చేతకాదు, అయినా ప్రయత్నించాడు.

"అయస్కాంత లోహంలో ఎలక్ట్రాన్లు రెండు జట్లుగా ఉంటాయి బాబూ. పైకి తిరిగేవి ఒక జట్టు, కిందికి తిరిగేవి ఒక జట్టు. రెండు జట్ల శక్తి మట్టాల మధ్య తేడా ఉంటుంది. ఆ తేడా వల్లే అయస్కాంతం. లోహాన్ని వేడిచేస్తే ఆ తేడా చెదిరిపోతూ వస్తుంది. మన రాడార్ల మెమరీ అంతా ఆరో నంబర్ లోహంతో చేసింది. కేటలాగు ప్రకారం దాని అయస్కాంతం ఏడొందల అరవై డిగ్రీల దాకా చావదు. కానీ మెమరీని చదివేది అన్నిటికంటే పై మట్టంలో ఉన్న ఎలక్ట్రాన్ల ద్వారా. ఆ మట్టంలో రెండు జట్ల తేడా మూడొందల పది డిగ్రీలకే మాయమైపోతోంది. అయస్కాంతం బతికే ఉంటుంది, చదవడానికి మాత్రం ఏమీ ఉండదు."

"మైక్రోవేవ్ పల్స్‌తో దూరం నుంచి మూడొందల పది డిగ్రీలకు వేడెక్కించడం వాళ్ళకు చేతనవును," అన్నాడు చీఫ్. "ఏడొందల అరవై చేతకాదు. అసలు గ్రాఫులో మూడొందల పది ఉంది. సిద్ధాంతిగారు గీసిన దొంగ గ్రాఫులో ఏడొందల అరవై ఉంది. అది నమ్మితే వాళ్ళు ఆయుధం పక్కన పడేస్తారు. రాడార్లన్నిట్లో లోహం మార్చడానికి మనకు ముప్పై రోజులు కావాలి. అంతవరకు నమ్మితే చాలు."

"మా వదిన?"

"మధ్యాహ్నం మూడింటికి ఇన్‌స్ట్రుమెంట్స్ ఎగ్జిబిషన్ హాల్లో, కెఫెటేరియాలో, వాళ్ళ ఎక్స్‌పర్ట్ గ్రాఫు చూస్తాడు. వాళ్ళలో అతన్ని డాక్టరంటారు. తృప్తిపడితే అతను తూర్పు గేటు నుంచి వెళ్ళిపోతాడు. ఆమె పడమటి గేటు నుంచి మన వ్యానులోకి వస్తుంది. ఆరేళ్ళ డ్యూటీ అక్కడితో సరి. నువ్వు హాల్లో వాక్యూమ్ పంపుల సేల్స్‌మన్‌వి."

వేషంతోపాటు ఒక వినికిడి యంత్రం కూడా ఇచ్చారు. కాటుక చెవికమ్మలో ట్రాన్స్‌మిటర్, అతని చెవిలో రిసీవర్. పైకి చెవిటివాడి మిషన్ లాగా ఉంటుంది. గాడ్జెట్ల సెక్షన్ వాళ్ళు దాన్ని చూసి మురిసిపోయారు. అది పెట్టుకున్న దగ్గరనుంచి లిఫ్ట్ ఆపరేటరుతో సహా ప్రతివాడూ అతని మొహంలో మొహం పెట్టి అరవడం మొదలుపెట్టాడు.

మెట్లు దిగుతూ రూల్స్‌కు విరుద్ధంగా అమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, సాయంత్రం వదిన వస్తుంది."

భర్త పోయిన నెలకే గడప దాటిపోయిన కోడలి పేరు ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఎవరూ ఎత్తలేదు. ఎందుకు వెళ్ళిందో అమ్మకు ఎవరూ చెప్పలేదు, చెప్పకూడదు.

"వస్తే రానీ," అంది అమ్మ. "ఆ గదిలో నీ పాత పెట్టెలన్నీ పడేసి ఉన్నాయి. అవన్నీ తియ్యాలి. నా ఒక్కదానివల్ల అవుతుందా?"

ఫోన్ పెట్టేశాక అతనికి ఏడుపొచ్చింది. పెట్టుడు మీసం అతికించి ఉంది కాబట్టి ఆపుకున్నాడు.

పంపులు అమ్మాలంటే పంపుల గురించి తెలియాలి. పదకొండున్నరకు లాబ్‌లో పంపుల బాబాయ్ దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా అక్కడి వాక్యూమ్ ఛాంబర్ నడిపే మెకానిక్ ఆయన, లాబ్‌లో ఈ గుట్టు తెలిసిన కొద్దిమందిలో ఒకడు. పెద్ద స్టీలు గోళం, దానికి నలువైపులా గాజు కిటికీలు, బోల్టులు, గొట్టాలు. లోపల గాలి అన్నది ఉండదు. మధ్యలో చిటికెన వేలి గోరంత లోహపు ముక్క. దానిమీద అల్ట్రావయొలెట్ కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికి లేస్తాయి. ఏ శక్తితో వచ్చాయి, ఏ జట్టువి, అన్నది డిటెక్టర్ లెక్కపెడుతుంది.

"వేడి చేస్తూ కొలవకూడదు," అన్నాడు బాబాయ్ బోల్టు బిగిస్తూ. "హీటర్‌లో కరెంటు పారుతుంటే అదే ఒక అయస్కాంతం. వచ్చే ఎలక్ట్రాన్లను దారి తప్పిస్తుంది. వేడిచెయ్, ఆపు, చల్లారేలోపు చటుక్కున కొలువు. మళ్ళీ వేడిచెయ్, ఆపు, కొలువు. మీ వదినకి రెండు వారాల్లో వంటబట్టింది. చెయ్యి మంచిది. ఆ అమ్మాయి వెళ్ళిపోతోందంటే నాకు బెంగగా ఉంది సుమా."

"సాయంత్రం తర్వాత ఆవిడ ఇంటి మనిషే. మా ఇంటికొచ్చి చూడండి," అన్నాడు ట్వంటీత్రీ. రిహార్సల్‌కు బావుంటుందని జేబులోంచి దొంగ గ్రాఫు నకలు తీసి బల్లమీద పరిచాడు.

బాబాయ్ కళ్ళజోడు పైకి నెట్టాడు. చూశాడు. కాగితాన్ని తిరగేసి వెనకవైపు చూశాడు. మళ్ళీ ముందువైపు చూశాడు.

"ఇదెవరు గీశారు?"

"సిద్ధాంతిగారు."

"ఎవరూ చూడలేదా?"

"ఇంకో ఇద్దరు డాక్టరేట్లు చూసి సంతకం పెట్టారు."

"ముగ్గురూ కలిసి పప్పులో కాలేశారు. గంధకం ఏదయ్యా?"

"గంధకమేమిటి?" అన్నాడు ట్వంటీత్రీ.

"ఇనుము కలిసిన లోహం ఏదైనా సరే, లోపల ఎక్కడో పిసరంత గంధకం ఉంటుంది. వేడిచేస్తే అది పైకి తేలుతుంది. తేలక మానదు. గ్రాఫులో ఇదిగో, ఈ ఎడమ పక్కన గూనిలా కనబడుతుంది. ఏడొందల డిగ్రీలు దాటించి, గూని లేకుండా, కడిగిన ముత్యంలా గీశాడు మీ సిద్ధాంతి. ఆయన జన్మలో ఒక్కసారైనా లోహం వేడిచేసి ఉంటే కదా! ఆ వచ్చే డాక్టరు చేత్తో పని చేసినవాడైతే నిమిషంలో పట్టుకుంటాడు."

"చేత్తో పని చేసినవాడే," అన్నాడు ట్వంటీత్రీ. "వదిన పొద్దున్నే ఈ దొంగ గ్రాఫు తీసుకుని వాళ్ళ కారెక్కేసింది. మూడింటిదాకా ఆమెతో మాట్లాడే దారి లేదు. గూని లేకుండా ఉండే మార్గమే లేదా బాబాయ్?"

"ఒక్కటుంది. వేడిచేసి గంధకాన్ని పైకి రప్పించి, ఆర్గాన్ వాయువుతో చెక్కేసి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ చెక్కి, అలా లోపలి సరుకంతా అయిపోయేదాకా చెయ్యాలి. ఆరో నంబర్ లోహానికి మేం పదకొండు వారాలు చేశాం." బాబాయ్ సొరుగులోంచి నూనె మరకల నోటుపుస్తకం తీశాడు. "ఇదీ దాని లెక్క. ఎన్ని గంటలు వేడి, ఎన్ని గంటలు ఆర్గాన్, గూని ఎంత తగ్గింది. చివరి పేజీలో సున్నా. ఇందులో రహస్యమేమీ లేదు, మురికి వదిలించిన చిట్టా. కానీ ఇది పక్కనుంటే ఎంతటివాడైనా ఆ గ్రాఫు నమ్ముతాడు."

ట్వంటీత్రీ ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి తను వదినకు నిజంగా పనికొస్తున్నాననిపించింది.

మూడింటికి పది నిమిషాలు. ఎగ్జిబిషన్ హాలు కిటకిటలాడుతోంది. మైక్రోస్కోపుల స్టాలుకూ తూకాల స్టాలుకూ మధ్య పంపుల స్టాలు. పది అడుగుల దూరంలో కెఫెటేరియా బల్లలు. ట్వంటీత్రీ టై సర్దుకుని నిలబడ్డాడు.

కాటుక వచ్చింది. ఆకుపచ్చ చీర, మెడ దాకా కత్తిరించిన జుట్టు. తూకాలవాడు చేస్తున్న డెమో ఆపేసి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆమె పక్కన నల్లకోటు మనిషి, మడిచిన పేపరు ఎడమచేతిమీద. ఆ పేపరు కింద ఏముందో ట్వంటీత్రీకి తెలుసు.

ఆమె స్టాలు ముందు ఆగింది. "ఈ పంపు చప్పుడు చేస్తుందా?"

అది కోడ్. "వినేవాళ్ళను బట్టి మేడమ్," అన్నాడు. అదీ కోడే. ఆ తర్వాతది కాదు. "పంపు ఎంత మంచిదైనా లోహం వేడిచేస్తే గంధకం తేలుతుంది మేడమ్. కస్టమర్లందరూ మొదట అడిగేది అదే. క్లీనింగ్ రికార్డు పుస్తకం లేకపోతే ఎవరూ నమ్మరు. మీ పుస్తకం మీరు అడిగినట్టే భద్రంగా ఉంచాను. కావాలన్నప్పుడు తీసుకోండి."

ఆమె కళ్ళు ఒక్క క్షణం అతని మొహంమీద నిలిచాయి. అర్థమైంది. "మీ మీసం ఒక పక్క లేస్తోంది," అంది మర్యాదగా, నల్లకోటుకు కూడా వినబడేలా. "పంపులకంటే ముందు అది సరిచూసుకోండి."

వదిన ఏం మారలేదు. అతనికి నవ్వొచ్చింది. భుజంమీంచి పెద్ద బరువు దిగినట్టయింది.

డాక్టరు అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. పొట్టివాడు, వేళ్ళ చివర్లు కాలిన మచ్చలు. అవి చూడగానే ట్వంటీత్రీకి బాబాయ్ మాట గుర్తొచ్చింది. చెవిలో గొంతులు స్పష్టంగా వినబడుతున్నాయి.

"ఏడొందల అరవై దాకా రెండు జట్ల తేడా నిలిచిందా?" డాక్టరు గొంతు మెత్తగా ఉంది. "ఆశ్చర్యం. ఎంతవరకు వేడిచేశారు?"

"ఏడొందల ఎనభై," అంది కాటుక.

కాగితం కదిలిన చప్పుడు.

"మరి గంధకం ఏదమ్మా?"

నల్లకోటు పేపరు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చాడు. డాక్టరు కళ్ళజోడు తీసి మడిచాడు. దాన్ని జేబులో పెడితే పేల్చెయ్యమని నల్లకోటుకు సిగ్నల్ అయ్యుంటుంది.

"గంధకం సంగతి వేరే పుస్తకంలో ఉంది," అంది కాటుక విసుగ్గా. "రెండూ ఒకే సంచిలో పెట్టుకుని తిరిగేంత తెలివితక్కువదాన్నా నేను? ఆ పంపులవాడి దగ్గర దాచాను. అతనికి అదేమిటో కూడా తెలియదు."

ఆమె లేచి వచ్చింది, వెనకే నల్లకోటు. ట్వంటీత్రీ బల్లకింద నుంచి పుస్తకం తీసి రెండు చేతులతో అందించాడు. అందుకుంటూ ఆమె వేళ్ళు అతని వేళ్ళను ఒక్కసారి గట్టిగా నొక్కాయి. ఇంకో పావుగంట, అనుకున్నాడు. అమ్మ పెట్టెలన్నీ తీసేసి ఉంటుంది.

డాక్టరు పుస్తకం తెరిచాడు. ఒక పేజీ, రెండు, పది. చదువుతున్నకొద్దీ అతని మొహం విప్పారింది.

"పదకొండు వారాలు!" అన్నాడు. "ఇంత ఓపికా! ఈ గ్రాఫు నూటికి నూరుపాళ్ళు నిజం. మన మైక్రోవేవ్ ప్లాను దండగ, ఇవాళే ఆపించేస్తాను."

ట్వంటీత్రీ ఊపిరి వదిలాడు. సరిగ్గా అప్పుడే ఒక కాలేజీ లెక్చరరు వచ్చి మిషన్ ఉన్న చెవిలో గట్టిగా అరిచాడు. "ఏమండీ! దీనికి ఆయిల్ ఎన్నాళ్ళకోసారి మార్చాలి?"

"ఆర్నెల్లకండీ," అన్నాడు ట్వంటీత్రీ, వినబడని ముక్క ఏమై ఉంటుందా అని ప్రాణం గిలగిల్లాడుతుంటే.

"...మా దగ్గర ఇలాంటి చెయ్యి లేదు," డాక్టరు అంటున్నాడు. "ఈ లోహం మేం కూడా తయారుచేసుకుని, సొంతంగా ఒకసారి కొలవాలి. పైవాళ్ళు ఎలాగూ అడుగుతారు. ఇది ఎవరు చేశారు?"

"లాబ్‌లో ఒక ముసలి మెకానిక్ ఉన్నాడు," అన్నాడు నల్లకోటు. "మూడు రోజులుగా చూస్తున్నాం. సాయంత్రం ఐదింటికి ఒక్కడే బస్‌స్టాపుకు నడిచి వెళ్తాడు. ఇవాళే ఎత్తుకొచ్చేయొచ్చు."

ట్వంటీత్రీ చెయ్యి కోటు లోపలికి వెళ్ళింది. పిస్తోలు వేళ్ళకు తగిలింది. పేలిస్తే బాబాయ్ బతుకుతాడేమో. కానీ చెవిటి సేల్స్‌మన్ పిస్తోలు తీసిన క్షణమే గ్రాఫు దొంగదని తేలిపోతుంది. ఆయన్ని ముందే దాచేసినా, తమ మాటలు ఎవరో విన్నారని వాళ్ళకు తెలిసిపోతుంది. పేల్చకపోతే బాబాయ్ పోతాడు. ఆయన బోల్టు బిగించగలడు గానీ అబద్ధం చెప్పలేడు. మొదటి గంటలోనే అంతా కక్కేస్తాడు. రాడార్లూ పోతాయి, ముప్పై రోజులూ పోతాయి.

"ముసలాడిదేముంది, టీ తాగి బోల్టులు బిగిస్తాడు," అంది కాటుక. "పుస్తకం నాది. పని నాది."

"హీటర్ వేసి ఉంచే కొలిచారా?" డాక్టరు వెంటనే అడిగాడు. అది పరీక్ష.

తప్పు చెబితే ఆమెకు పని రాదని తేలిపోతుంది, వాళ్ళు బాబాయ్ కోసం వెళ్తారు. ఒప్పు చెబితే ఆమెనే తీసుకుపోతారు. ఎంచుకోవడానికి ఆమెకు ఉన్నవి ఆ రెండే.

"హీటర్ ఆపి, చల్లారేలోపు. లేకపోతే కరెంటు ఎలక్ట్రాన్లను లాగేస్తుంది. మీ దగ్గర హీటర్ వేసి ఉంచే కొలుస్తున్నారా? అందుకే మీ పాత రిజల్ట్స్ అన్నీ వంకరగా ఉంటాయి."

డాక్టరు సంతోషంతో చప్పట్లు కొట్టాడు. పాపం, చెడ్డవాడు కాదు. తన పని అర్థమైన మనిషి ఎన్నేళ్ళకో దొరికినందుకు మురిసిపోతున్నాడు. ట్వంటీత్రీకి మాత్రం అతని పీక పిసకాలనిపించింది. వాళ్ళ లాబ్‌లో లోహం శుభ్రమై, మొదటి కొలత తీసిన రోజున మూడొందల పది బయటపడుతుంది. బయటపెట్టేది వదిన చేతులే. పక్కన నిలబడి చూసేది ఈ చప్పట్లు కొట్టేవాడే.

"అయితే ఇవాళే బయలుదేరదాం," అన్నాడు డాక్టరు. "బట్టలవీ అక్కడే కొనుక్కుందువుగాని."

ముగ్గురూ లేచారు. తూర్పు గేటు వైపు. పంపుల స్టాలు ముందుగా వెళ్తూ ఆమె ఆగింది.

"పుస్తకం దాచినందుకు థాంక్స్ అండీ," అంది. "చాలా ఉపకారం చేశారు."

ఆ పుస్తకం తనే తెచ్చాడు. తన చేతులతో, రెండు చేతులతో ఇచ్చాడు. అది లేకపోతే ఆమె ఇక్కడే చచ్చిపోయి ఉండేదని అతనికి తెలుసు. అయినా ఆ మాటతో గుండె చల్లబడలేదు.

"మేడమ్... ఇంకో మోడల్ కూడా చూపిస్తాను. ఒక్క నిమిషం," అన్నాడు. కోటు లోపలికి వెళ్ళిన చెయ్యి ఇంకా బయటికి రాలేదు.

"వద్దు." ఆమె ఆ చేతిని చూసి తల అడ్డంగా తిప్పింది. "మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారని అన్నారు కదా. రాత్రిళ్ళు మేలుకుని ఎదురుచూసే అలవాటుంటుంది పెద్దవాళ్ళకి. మానుకోమని చెప్పండి. ఆరోగ్యం పాడవుతుంది." ఆమె కొంగు సర్దుకుంది. "పనివాళ్ళమీద కోపం పెట్టుకోవద్దని కూడా చెప్పండి. ఎవరి పని వాళ్ళది."

"చెబుతాను," అన్నాడు. ఆమె అప్పటికే నడిచి వెళ్ళిపోతోంది. తూర్పు గేటు అద్దాల తలుపులు వాటంతటవే తెరుచుకుని, వాటంతటవే మూసుకున్నాయి. చెవిలో కారు తలుపు చప్పుడు, ఇంజిను, తర్వాత గరగర, తర్వాత ఏమీ లేదు. పడమటి గేటు దగ్గర మన వ్యాను ఐదున్నర దాకా ఇంజిన్ ఆన్‌లోనే ఉంది.

"మిషన్ సక్సెస్," అన్నాడు చీఫ్ సాయంత్రం. "వాళ్ళ మైక్రోవేవ్ టీముకు సెలవులిచ్చేశారని కేబుల్ కూడా వచ్చింది."

"వాళ్ళ లాబ్ ఎక్కడ సార్? నేను వెళ్తాను."

"తెలిస్తే చెప్పనా?"

చీఫ్ నిజమే చెబుతున్నాడు. అదే అన్నిటికంటే ఘోరంగా ఉంది.

ఇంటికి వెళ్ళేసరికి గది ఖాళీగా, శుభ్రంగా ఉంది. మంచంమీద కొత్త దుప్పటి. అమ్మ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"పని పడిందమ్మా. రాలేకపోయింది. కోపం పెట్టుకోవద్దని చెప్పమంది."

అమ్మ ఏమీ అడగలేదు. ఏజెంటును కన్న తల్లి, ఇంకో ఏజెంటును పోగొట్టుకున్న తల్లి. కుర్చీ మాత్రం లోపలికి తియ్యలేదు. రాత్రిళ్ళు ఎదురుచూడటం మానుకోమన్న మాట మాత్రం అతను చెప్పలేదు.

మర్నాడు పంపుల బాబాయ్ విషయమంతా విని చాలాసేపు ఛాంబర్ కిటికీ తుడుస్తూ నిలబడ్డాడు. ఆయనకు ఏడవడం కూడా చేతకాదు.

"మనకు పదకొండు వారాలు," అన్నాడు చివరికి. "గంధకం పూర్తిగా పోలేదని చెబుతూ సాగదీయొచ్చు. ఒక బోల్టు వదులు చేసి వాక్యూమ్ పాడుచేయొచ్చు. ఆ అమ్మాయికి అవన్నీ నేనే నేర్పాను. అన్నీ కలిపి నాలుగు నెలలు. వాళ్ళ లోహం మురికిదైతే ఇంకా ఎక్కువ. ఎంత మురికిదైతే అంత మంచిది బాబూ."

ఇద్దరూ రోజూ ఆ మురికి లోహం గురించే మాట్లాడుకున్నారు. మూడు వారాలు అలా గడిచాయి. మన రాడార్లలో లోహం సగానికి పైగా మార్చేశారు.

నాలుగో వారం మొదట్లో చీఫ్ పిలిచి డీకోడ్ చేసిన కేబుల్ చూపించాడు. ఆరో నంబర్ లోహం తయారీ కోసం డాక్టరు ప్రపంచంలోకెల్లా శుద్ధమైన ఇనుము తెప్పించాడు. గంధకం దాదాపు లేనిది. నాసిరకం సరుకు అతను ముట్టుకోడట.

ట్వంటీత్రీ ఆ కేబుల్ నకలు బాబాయ్‌కి చూపించాడు. బాబాయ్ వేళ్ళమీద లెక్కపెట్టాడు, మళ్ళీ లెక్కపెట్టాడు.

"మొత్తం ఐదు వారాలు," అన్నాడు. "అంతకుమించి సాగదీస్తే పక్కనున్నవాడికి తెలిసిపోతుంది."

"ముప్పై అయిదు రోజులు," అన్నాడు చీఫ్ ఆ సాయంత్రం, ఫైలుమీద సంతకం పెడుతూ. "మనకు ముప్పై చాలు. మనం సేఫ్."

ట్వంటీత్రీ సెల్యూట్ చేసి బయటికొచ్చాడు. కారిడార్‌లో స్టోర్స్ గుమస్తా నోటీసు బోర్డుకు కొత్త టెండరు కాగితం అంటిస్తున్నాడు. మన ఆఫీసులో అగ్గిపెట్టె దగ్గరనుంచి ఆర్గాన్ సిలిండరు దాకా, అందరికంటే తక్కువకిచ్చేవాడి దగ్గరే కొనాలని రూలు. పాడు ముఠాకు ఆ ఒక్క రూలు ఉండుంటే, వదిన ఇంకో రెండేళ్ళు నిక్షేపంగా బతికేది.